సాంతా మార్తా కొండ మీద మావారు

బ్రెజిల్‌లోని రియోలో మా ఆఫీసు బొటఫోగో అనే పేటలో. కిటికీలోంచి చూస్తే ఎదురుగా సాంతా మార్తా ఫవేలా, అంటే పేదల బస్తీ. కొండ వాలంతా ఒకదాని మీద ఒకటి ఇళ్ళు, వాటి పైన నీలం రంగు నీళ్ళ ట్యాంకులు.

ఈ నగరంలో పేదల బస్తీలు చూపించే టూర్లు 1990ల మొదట్లోనే రొసీన్యా అనే ఇంకో ఫవేలాలో మొదలయ్యాయి. టాపు లేని జీపు ఎక్కి, కిందికి దిగకుండానే ఫొటోలు తీసుకుని పోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గుమ్మంలో కూర్చుని బిడ్డకు తల దువ్వుకుంటున్న తల్లిని అడక్కుండా ఫొటో తీయడం ఏం మర్యాద?

నా పక్క సీటు అమ్మాయి ఆ కొండ మీదే పుట్టి పెరిగింది. "జీపుల్లో వద్దు, మావాళ్ళే గైడ్లున్నారు, వాళ్ళతో రండి" అంది. నాకూ అదే నచ్చింది. ఆ డబ్బు బస్తీకే చేరుతుంది. పైగా ఏ రోజు పైకి రాకూడదో అక్కడివాళ్ళకే తెలుస్తుంది. 2017లో రొసీన్యాలో టూరు కారు మీద పోలీసులు కాల్పులు జరిపితే స్పెయిన్ నుంచి వచ్చినావిడ ప్రాణం పోయింది.

మైకేల్ జాక్సన్ 1996లో సాంతా మార్తాలో పాట షూటింగ్ చేశాడు. ఇప్పుడక్కడ ఆయన విగ్రహం ఉంది. మేం గైడుతో వెళ్ళిన రోజు అందరూ దాని పక్కన ఫొటోలు దిగుతుంటే మావారు వైర్ల చిక్కుముడి కింద తల పైకెత్తి నిలబడ్డారు. "ఏమండీ, విగ్రహం ఇటు" అన్నాను. "ఉండవోయ్, ఆ ట్యాంకుకు నీళ్ళెలా ఎక్కుతున్నాయో చూడనీ" అన్నారు. ఇంజనీరును కట్టుకున్నవాళ్ళకు ఇది మామూలే. మా పెళ్ళిలో మేళం మోగుతున్నా ఆయన చెవి జనరేటర్ మీదే. హనీమూన్ ఫొటోల్లో సగం డ్యాం గేట్లే!

ఆ చూపు చూసి ఒక పెద్దాయన బయటికొచ్చాడు. కేబులు లాగితే కొండ మీదికి వెళ్ళే రైలుపెట్టె 2008లో వచ్చిందట. అయిదు స్టేషన్లు, టికెట్ లేదు. అంతకుముందు 13 కిలోల గ్యాస్ సిలిండరైనా, సిమెంటు బస్తాలైనా, నడవలేని రోగి అయినా భుజాల మీదే. అది ఆగిపోతే ఇప్పటికీ అంతే. మావారు లోడెంత, కేబులెంత, రిపేరుకు ఎవరొస్తారు అని ఆపకుండా అడిగారు. ఆయనా ఆపకుండా చెప్పాడు. తన ఇంటి స్లాబు వేసిన రోజు ఇరుగుపొరుగంతా వచ్చి కాంక్రీటు మోశారట, తర్వాత అందరికీ ఫెజ్వాదా (నల్ల చిక్కుడు గింజలు, మాంసం కలిపి వండే కూర) భోజనం. పై అంతస్తు కోసం వదిలిన ఊచలు పట్టుకుని చూసి, "పన్నెండు ఎంఎం వేశారు, మంచి పని చేశారు" అన్నారు మావారు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. సొంత చేతులతో కట్టుకున్న ఇంటిని ఇన్నాళ్ళూ జాలిగా చూసినవాళ్ళే గానీ, ఎలా కట్టావని అడిగినవాళ్ళు లేరన్నాడు.

ఇప్పుడాయన పై అంతస్తు మొదలుపెట్టాడు. కింది స్తంభాలు ఆ బరువు మోస్తాయా లేదా అని మావారు ఆదివారాలు టేపు పట్టుకుని అక్కడికే వెళ్తున్నారు. స్లాబు రోజు మేమిద్దరం రావాలని పెద్దాయనవాళ్ళు అన్నారు. నన్ను వంటవాళ్ళ జట్టులో వేశారు.