పాత ప్యాన్‌తో పులికాట్‌లో ఫ్లెమింగోలు

ఫ్లెమింగోలు తీయాలంటే 600 ఎంఎం లెన్సు కావాలి కదా అని అడుగుతుంటారు, నేను మాత్రం ముందు కెమెరాని కిందకి దించండి బాబూ అంటాను. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే వెళ్తుంది, చలికాలంలో అటూ ఇటూ పక్షులే, కానీ రోడ్డు మీద నిలబడి తీస్తే పై నుంచి చూసినట్టుంటుంది, పక్షి వెనకాల బూడిద రంగు బురద తప్ప ఏం ఉండదు. అదే కెమెరా నీళ్ళకి జానెడు ఎత్తులో ఉంటే బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడో దూరంగా పడి మెత్తగా బ్లర్ అయిపోతుంది.

దీనికోసం గ్రౌండ్ పాడ్ అని, కెమెరాని నేల మీదే నిలబెట్టే పళ్ళెం లాంటిది రెడీమేడ్‌గా అమ్ముతారు. నేను పిడి ఊడిపోయిన అల్యూమినియం ఫ్రై ప్యాన్‌తో చేసుకున్నా. ప్యానే ఎందుకంటే అడుగు చదునుగా ఉంటుంది, అంచులు పైకి లేచి ఉంటాయి కాబట్టి ముందుకు తోస్తే బురదలో దిగబడకుండా పడవలా జారిపోతుంది. స్టీలు పళ్ళెంతో కూడా చెయ్యొచ్చు గానీ కన్నం వెయ్యడానికి ప్రాణం పోతుంది, డ్రిల్ స్పీడు తగ్గించి నూనె చుక్క వేస్తూ పోవాలి. అల్యూమినియం అయితే వెన్నే.

ప్యాన్‌కి కన్నం వేసి బాల్ హెడ్‌ని, అంటే కెమెరాని ఎటు కావాలంటే అటు తిప్పి బిగించుకునే బంతి కీలుని, బోల్టుతో బిగించాలి, ఆ బోల్టు దగ్గర మాత్రం జాగ్రత్త. చాలా బాల్ హెడ్‌లకి అడుగున 3/8 అంగుళం మర ఉంటుంది, కెమెరా అడుగున ఉండేది 1/4 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. హార్డ్‌వేర్ షాపులో ఊరికే బోల్టు అడిగితే ఎం6 చేతిలో పెడతారు, చూడ్డానికి 1/4 లాగే ఉంటుంది గానీ అది 6 మిల్లీమీటర్లు, ఇది 6.35, మర దూరం కూడా వేరే. లోపలికి వదులుగా దూరుతుంది, పట్టు మాత్రం ఉండదు, వేల రూపాయల కెమెరా దాని మీద పెట్టాలా చెప్పండి. అందుకే బాల్ హెడ్‌ని షాపుకే పట్టుకెళ్ళి అక్కడే బిగించి చూసుకోండి. బాల్ హెడ్ లేకుండా నేరుగా కెమెరాకే బిగించేవాళ్ళు బోల్టు పైకి నాలుగున్నర మిల్లీమీటర్ల కంటే ఎక్కువ రాకుండా చూసుకోవాలి, పొడుగైతే లోపల అడుగుకి తగిలి సాకెట్ పాడవుతుంది. ప్యాన్‌కి రెండు వైపులా వెడల్పు వాషర్లు, వాటి కింద పాత సైకిల్ ట్యూబు గుండ్రంగా కోసి పెడితే నీళ్ళు పైకి ఎక్కవు.

వాడేటప్పుడు బోర్లా పడుకోవాలి, లేదంటే తిరిగే స్క్రీన్ ఉన్న కెమెరా కావాలి. ఫ్లెమింగోలు తల నీళ్ళలో పెట్టి తింటున్నంత సేపూ మీరు వాటికి లెక్కలేదు, అవన్నీ ఒకేసారి తలలెత్తి ఒక వైపు నడవడం మొదలెడితే ఇక ముందుకు పోకండి. ఫారెస్టు వాళ్ళు దిగొద్దన్న చోట అసలు దిగకండి.

కారులోంచి తీసేవాళ్ళకి ఇదేం అక్కర్లేదు, పాత జీన్స్ కాలు ఒకటి కత్తిరించి ఒక చివర కుట్టేసి ఖాళీగా మడతపెట్టి తీసుకెళ్ళండి, సూళ్ళూరుపేటలో కిరాణా కొట్టులో బియ్యం పోయించి రెండో చివర తాడుతో కట్టేసి కిటికీ అద్దం మీద వేసుకుంటే లెన్సు కదలదు. తడవనివ్వకండి, బియ్యం ఉబ్బుతాయి.

ఉప్పు నీళ్ళు కాబట్టి ఇంటికి రాగానే ప్యాన్‌నీ బోల్టునీ మంచినీళ్ళతో కడిగి ఆరబెడుతున్నా. అంచుకి ఇంకో చిన్న కన్నం వేసి తాడు కట్టాలి, వెనక్కి పాక్కుంటూ వచ్చేటప్పుడు లాక్కోడానికి.