అర్ధరాత్రి పుష్పక్ బస్సులో

నిన్న రాత్రి హైదరాబాద్ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగేసరికి పదకొండున్నర దాటింది. సిటీలోకి వెళ్లే పుష్పక్ బస్సు ఎక్కి పెద్ద సూట్‌కేసు ర్యాకులో పెట్టాను. పాస్‌పోర్టు, పర్సు ఉన్న చిన్న బ్యాగు మాత్రం ఒళ్లోనే. ఆరాంఘర్ వచ్చేలోపే కునుకు పట్టింది. "నిద్రపోకమ్మా, బ్యాగు జిప్పు తీసి ఉంది చూస్కో" అని పక్కసీటు పెద్దావిడ తట్టి లేపింది. గుండె ఝల్లుమంది. తడిమి చూసుకుంటే అన్నీ ఉన్నాయి, దేవుడి దయ.

అప్పటి నుంచి రెప్ప వేయలేదు. లైవ్ లొకేషన్ తమ్ముడికి పంపాను, ఎమర్జెన్సీ నంబరు 112 స్పీడ్ డయల్‌లో పెట్టుకున్నాను. మెహిదీపట్నంలో డ్రైవర్ అన్నని అడిగి, వెలుతురున్న చోటే దిగాను. తమ్ముడు బండితో వచ్చేదాకా తెరిచి ఉన్న మెడికల్ షాపు ముందే నిలబడ్డాను. ఆ పెద్దావిడ పేరైనా అడగలేదు. ఆమె చల్లగా ఉండాలి.