మా కేర్ హోమ్‌లో సీక్యూసీ తనిఖీ: నా అనుభవం

ఇంగ్లండ్‌లో వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లను తనిఖీ చేసే అధికారం కేర్ క్వాలిటీ కమిషన్‌ది. 2009లో పని మొదలుపెట్టిన ఈ సంస్థను ఇక్కడ అందరూ సీక్యూసీ అనే అంటారు. నేను సీనియర్ కేరర్‌గా పనిచేస్తున్న హోమ్‌కు అంతకుముందు తనిఖీలో 'మెరుగుపడాలి' అన్న రేటింగ్ వచ్చింది కనుక మళ్లీ వస్తారని మాకు తెలుసు. కేర్ హోమ్‌లకు సాధారణంగా ముందుగా చెప్పి రారు కాబట్టి ఎప్పుడు వస్తారన్నది మాత్రం తెలియదు.

ఉదయం మందులిస్తున్న వేళ ఇద్దరు వచ్చి గుర్తింపు కార్డులు చూపించారు. ఒకరు ఇన్‌స్పెక్టర్; రెండోవారు అధికారి కారు, తమ ఇంట్లోవాళ్లను ఇలాంటి చోట చూసుకున్న అనుభవంతో నివాసితులతోనూ కుటుంబాలతోనూ మాట్లాడటానికి వచ్చినవారు. ఇక్కడివాళ్లు భద్రంగా ఉన్నారా, సేవలు ఫలితమిస్తున్నాయా, ఆదరణ ఉందా, ఎవరి అవసరానికి తగ్గట్టు వారికి జరుగుతోందా, నిర్వహణ సక్రమంగా ఉందా అన్న ఐదు ప్రశ్నల చుట్టూనే తనిఖీ అంతా తిరుగుతుంది.

మందుల గదిలో ఇన్‌స్పెక్టర్ పెట్టెలోని మాత్రలు లెక్కపెట్టి చార్టుతో సరిచూశారు. మార్ఫిన్ వంటి మందుల రిజిస్టరులో ఇద్దరి సంతకాలు ఉన్నాయా, ఫ్రిజ్ ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉన్నట్టు రోజూ రాశారా అన్నవి కూడా చూశారు. ఇవన్నీ మేము ఊహించినవే.

ఊహించనిది ఆ తర్వాత జరిగింది. మింగడం కష్టమైన ఒక పెద్దావిడకు ద్రవాలన్నీ పొడి కలిపి చిక్కగా ఇవ్వాలని, ఆమెను ఎలా చూసుకోవాలో రాసిన కేర్ ప్లాన్‌లో ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆ పేజీ చదివి, వంటగదిలోకి వెళ్లి ఆమెకు టీ ఎలా ఇస్తారని వంటమనిషిని అడిగి, కప్పు కలుపుతున్న అమ్మాయిని ఎన్ని చెంచాలని అడిగి, చివరికి పెద్దావిడ నిటారుగా కూర్చుని తాగుతోందో లేదో దగ్గర నిలబడి చూశారు. పొడి డబ్బా ఎక్కడ పెడతారని కూడా అడిగారు, ఎందుకంటే పొరపాటున పొడినే నోట్లో వేసుకుంటే ఊపిరాడక ప్రాణానికే ముప్పు. కాగితం, పనివాళ్ల మాట, కళ్లెదుట జరిగేది, ఈ మూడూ కలుస్తున్నాయా అన్నదే వాళ్లు నిజంగా వెతికేదని నాకు అక్కడ అర్థమైంది.

రాత్రి చార్టుల దగ్గర ఆ మూడూ కలవలేదు. మంచం దిగలేనివాళ్లకు పడక పుండ్లు రాకుండా పక్కకు తిప్పిన ప్రతిసారీ సమయం రాయాలి. మా వరండాలోని గదులన్నిటి చార్టుల్లోనూ పన్నెండు, రెండు, నాలుగు అని ఒకే సమయాలు ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉన్నప్పుడు ఒకే నిమిషంలో అన్ని గదుల్లో ఎలా ఉన్నారని ఇన్‌స్పెక్టర్ ప్రశాంతంగా అడిగారు. మేనేజర్ దగ్గర జవాబు లేదు. చర్మం ఎలా ఉందో రాసే గడి కూడా చాలాచోట్ల ఖాళీగానే ఉంది.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వల్ల మాట్లాడలేనివాళ్ల పరిస్థితి తెలుసుకోవడానికి ఇన్‌స్పెక్టర్ హాల్లో ఒక మూల కూర్చుని, ఎవరు ఎవరిని పలకరిస్తున్నారో, ఎవరు ఎంతసేపు ఒంటరిగా ఉన్నారో గమనిస్తూ రాసుకున్నారు. తర్వాత నన్ను విడిగా పిలిచి, నివాసితులను ఎవరైనా బాధపెడుతుంటే, మేనేజర్ దాన్ని కప్పిపుచ్చితే ఏం చేస్తావని అడిగారు. ఇలాంటివారి రక్షణ చూసే స్థానిక కౌన్సిల్ సేఫ్‌గార్డింగ్ విభాగానికో, నేరుగా సీక్యూసీకో చెబుతానన్నాను. జవాబు సరైనదే, కానీ చెప్పినంత తేలిక కాదు. 2022లో కేర్ వర్కర్లకు వీసా దారి తెరుచుకున్నాక వచ్చిన మనవాళ్లలో చాలామందికి వీసా పని ఇచ్చిన యజమానితోనే ముడిపడి ఉంటుంది, అందుకే ఫిర్యాదు చేయాలంటే భయం.

కొంతకాలానికి ముసాయిదా నివేదిక వచ్చింది. అందులో వాస్తవాలు తప్పుగా ఉంటే ఆధారాలతో చూపడానికి పది పనిదినాల గడువు ఇస్తారు. శిక్షణ వివరాల్లో ఒక పొరపాటును మేనేజర్ సరిచేయించగలిగారు, చార్టుల మాట మాత్రం అలాగే నిలిచింది. మొత్తం మీద 'గుడ్' వచ్చినా భద్రత విషయంలో పాత రేటింగే మిగిలింది. వచ్చిన రేటింగ్‌ను హోమ్‌లో అందరికీ కనబడేలా పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి. ఇప్పుడు రాత్రివాళ్లు ఒంటిగంట యాభై, రెండుంపావు అంటూ ఏ గదిలో ఎప్పుడు తిప్పారో అదే రాస్తున్నారు.

తమవాళ్లను ఇక్కడ హోమ్‌లో చేర్చాలనుకునేవారికి ఒక మాట. రేటింగ్‌తో ఆగకుండా భద్రత గురించిన భాగాన్ని, తనిఖీ జరిగిన తేదీని కూడా చదవండి. ఏళ్ల తరబడి మళ్లీ తనిఖీ జరగని చోట్లు ఉన్నాయని 2024లో ప్రభుత్వం కోరగా జరిగిన పెన్నీ డాష్ సమీక్ష సీక్యూసీనే తప్పుబట్టింది.