ఓడ వద్దనుకుని లాంచీ ఎక్కాం
సెలవులకి ఎటు వెళ్లాలని ఇంట్లో వారం రోజులు ఒకటే చర్చ. పిల్లలకేమో చెన్నై నుంచి బయలుదేరే పెద్ద ఓడ కావాలి, అందులో స్విమ్మింగ్ పూల్, రాత్రి షోలు. అమ్మకి మాత్రం గోదారే.

చివరికి గండి పోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కాం. ఎక్కగానే అమ్మ లైఫ్ జాకెట్ తాళ్లు నేనే బిగించి రెండుసార్లు లాగి చూశాను, 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన లాంచీ ప్రమాదం ఇంకా మనసులోంచి పోలేదు మరి. పాపికొండల దగ్గర నది సన్నబడి రెండు వైపులా కొండలు మీదికి జరిగొచ్చినట్టు అనిపించేసరికి, కాసేపు పాటలు ఆపమని అడిగాను, ఆపేశారు. ఇంజన్ చప్పుడు ఒక్కటే. అమ్మ నీళ్లకేసి చూస్తూ "మీ నాన్న ఉంటే బాగుండేదిరా" అంది.

పిల్లలకి ఓడ మాట ఇచ్చాను, అదీ ఎక్కిస్తాను. కానీ తిరుగు ప్రయాణంలో చిన్నది అడిగింది, ఈసారి కొల్లూరు వెదురు గుడిసెల్లో రాత్రి ఉందామా నాన్నా అని.