హేగ్‌లో ఆ రోడ్డు మీద

2023 సెప్టెంబర్ 9న నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో జనం ఎ12 హైవే మీద బైఠాయిస్తే, వీసా టెన్షన్‌తో నేను పక్కనే నిలబడి నినాదాలిచ్చాను. వాళ్ళు అడిగింది ఒక్కటే: బొగ్గు, చమురు, గ్యాస్‌కి రాయితీలు ఆపండి. మనం కారులో పోయించుకునే పెట్రోల్‌కి పన్ను కడతాం, విదేశాలకెళ్ళే విమానాల ఇంధనానికి ఆ పన్నే లేదు. ఆ పన్ను మినహాయింపూ రాయితీయే కదా, ఇదేం న్యాయం?

వాటర్ కేనన్ నీళ్ళు మీద పడుతుంటే ఒక బామ్మగారు రెయిన్‌కోట్ తాడు బిగించుకుని, పక్కనున్న కుర్రాడి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఆ రోజు దాదాపు 2,400 మందిని పోలీసులు పట్టుకెళ్ళారు. అయినా జనం మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ. రాయితీలు ఎలా తగ్గిస్తారో చెప్పమని అక్టోబర్‌లో పార్లమెంటు ప్రభుత్వాన్ని అడిగేదాకా వదల్లేదు.

రాయితీలు ఇంకా పోలేదు. ఈసారి నిరసనకి వచ్చేవాళ్ళుంటే మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.