గ్రాఫిక్స్ లేకుండా చావులేని ప్రేమకథ తీశాం: నా అనుభవం

హారర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం అనగానే అందరూ ముందు అడిగింది ఒకటే, గ్రాఫిక్స్ ఎవరు చేస్తున్నారని. ఎవరూ చెయ్యట్లేదు. మా దగ్గర ఉన్నవల్లా ఒక మిర్రర్‌లెస్ కెమెరా, కోనసీమలో మా పెద్దమ్మ వాళ్ల మండువా ఇల్లు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవురోజుల్లో మాత్రమే దొరికే కొద్దిమంది మనుషులు. ఒకళ్లని అడిగి చూశాం కానీ, ఒక్క షాట్‌కి వాళ్లు చెప్పిన రేటు వినగానే మా బావ (కెమెరా తనదే, తీసేదీ తనే) "సరేనండీ, మళ్లీ చేస్తాం" అని ఫోన్ పెట్టేశాడు. అప్పుడే తేల్చుకున్నాం, ఏం చేసినా కెమెరా ముందే చెయ్యాలని.

ఈ పిచ్చి నాకు ఎక్కించింది 1992లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా తీసిన డ్రాకులా సినిమా. హాలీవుడ్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ అప్పుడప్పుడే ఊపందుకుంటున్న రోజుల్లో ఆయన ఎఫెక్ట్స్ వాళ్లని పంపించేసి, అప్పటికింకా ముప్పై కూడా నిండని తన కొడుకు రోమన్ చేతికి ఆ పని అప్పగించాడు. ఆ సినిమా కథ ఎక్కువగా నడిచేది 1897లో, అంటే సినిమా అనేదే అప్పుడప్పుడే పుట్టిన కాలం, కాబట్టి ఆ కాలం వాళ్లు వాడిన కిటుకులే వాడదాం అన్నది ఆయన పట్టుదల. సినిమాని వెనక్కి తిప్పడం, ఒకదాని మీద ఒకటి రెండు బొమ్మలు ఎక్కించడం, చిన్న చిన్న నమూనా కోటలు కట్టి పెద్దవాటిలా చూపించడం, తెర వెనక నుంచి ప్రొజెక్షన్ వెయ్యడం. దాదాపు అంతా స్టూడియో గోడల మధ్యే తీశారు. సెట్ల కంటే బట్టల మీద దృష్టి పెట్టారు, జపాన్ డిజైనర్ ఎయికో ఇషియోకాకి దానికి ఆస్కార్ కూడా వచ్చింది. (కియాను రీవ్స్ బ్రిటిష్ యాస గురించి జనం ఇప్పటికీ నవ్వుకుంటారు, అది వేరే సంగతి.)

నాకు అంతకంటే ఎక్కువ పట్టుకున్నది అందులోని ప్రేమ. బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవలలో ఆ ప్రేమకథ లేదు, అక్కడ డ్రాకులా కథానాయిక మీనాతో బలవంతంగా తన రక్తం తాగిస్తాడు. సినిమాకి కథ రాసిన జేమ్స్ హార్ట్ దాన్ని తిరగేశాడు. యుద్ధంలో భర్త చనిపోయాడన్న అబద్ధపు కబురు నమ్మి భార్య కోట మీంచి నదిలోకి దూకేస్తుంది, ఆత్మహత్య చేసుకుంది కాబట్టి ఆమెకి మోక్షం లేదని మతగురువు అంటే ఆ కోపంలో అతను దేవుణ్ణే కాదనుకుని చావులేనివాడు అవుతాడు, నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆమె పోలికలతో మీనా కనిపిస్తుంది. మీనా తనంతట తాను నన్ను కూడా నీలా చెయ్యమని అడిగినప్పుడు, అన్నేళ్లు ఎదురుచూసిన మనిషి ఒక్క క్షణం ఆమెని ఆపేస్తాడు. ఈ శాపం నీకెందుకు అన్నట్టు. నన్నడిగితే సినిమా మొత్తానికి ప్రేమ అంటే అదే, మిగతాదంతా హంగు.

మనకి పిశాచాలు, కోటలు అతకవు. నేను వెతుక్కున్నది మహాభారతం ఆదిపర్వంలో రురుడి కథ. పెళ్లికి ముందు ప్రమద్వర పాము కరిచి చనిపోతుంది, రురుడు అడవిలో పడి ఏడుస్తుంటే దేవదూత వచ్చి నీ ఆయుష్షులో సగం ఇస్తే బతుకుతుంది అంటాడు, ఇచ్చేస్తాడు, ఆమె నిద్రలోంచి లేచినట్టు లేస్తుంది. నన్నయ చెప్పిన కథే, చాలామందికి తెలిసిందే. మేము ఒక్క మార్పు చేశాం: ఆ ఇచ్చేవాడికి అసలు చావే లేకపోతే? అనంతంలో సగం తీస్తే అదీ అనంతమే కదా. ఇద్దరూ మిగిలిపోతారు. ఇక్కడిదాకా రాసి నేను చాలా గొప్పగా ఉందనుకుంటున్నాను. హీరోయిన్‌గా చేసిన అమ్మాయి నాటకాల నుంచి వచ్చింది, స్క్రిప్టు చదివి, "బానే ఉందండీ, కానీ ఆవిడకి కావాలో వద్దో ఎవరూ అడగలేదేంటి?" అంది. చచ్చిపోయిన మనిషిని ఎలా అడుగుతాం అన్నాను. "అదే కదండీ హారర్" అంది. ఆ మాటతో రెండో సగమంతా కొత్తగా రాశాను. ఆమెకి ఒక చెల్లెల్ని పెట్టాను.

కెమెరా ముందే అన్నీ చెయ్యడంలో అసలు తలనొప్పి ఎక్కడంటే, ఏదీ తర్వాత చూసుకుందాం అనడానికి ఉండదు. ఈ షాట్‌లో ఆమె అతనికి ఎంత దూరంలో ఉంది, అతను ఆమెని చూస్తున్నాడా లేక తన గుర్తులో ఉన్న ఆమెనా, ఆమెకి అప్పటికి సంగతి తెలుసా, ఇవన్నీ లైటు పెట్టకముందే తేలిపోవాలి. మా బావ ఊరికే విసుక్కునేవాడు, "ముందు వీళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారో లేదో చెప్పరా, అద్దం ఎక్కడ పెట్టాలో నేను చెప్తా" అని. స్క్రిప్టులో నేను దాటేసిన ప్రతి చోటా వాడు వచ్చి ఆగేవాడు.

అద్దం అంటే మామూలు కిటికీ గాజుపలకే, కాస్త పెద్దది. 1862లో లండన్‌లో పెప్పర్ అనే ఆయన స్టేజి మీద దయ్యాన్ని చూపించి జనాన్ని హడలగొట్టిన కిటుకు ఇది. కెమెరాకి ఎదురుగా గాజుని 45 డిగ్రీల వాలులో నిలబెట్టాలి, గాజు వెనక అసలు గది, పక్కన నల్లగుడ్డ కట్టిన చీకట్లో దయ్యం పాత్ర. ఆమె మీద లైటు పెంచితే గదిలో పల్చగా కనిపిస్తుంది, తగ్గిస్తే మాయమవుతుంది. సగం ఆయుష్షుతో లేచిన మనిషి సగమే కనపడాలన్నది మా లెక్క. గాజు వెనక మంచం ఎంత దూరంలో ఉందో, గాజు నుంచి ఆమె కూడా సరిగ్గా అంత దూరంలో ఉండాలి, లేకపోతే మంచం మీద కూర్చోదు, గాల్లో తేలుతుంది. టేపు పెట్టి కొలవడమే కొలవడం. గాజు అంచులకి టేపు చుట్టకుండా మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, నేను చెప్పే ఒకే ఒక్క సలహా ఇది. అనవసరమైన వెలుతురు గాజులో పడకుండా మా బావ తన మీదే నల్ల దుప్పటి కప్పుకుని ఆ ఉక్కలో కూర్చునేవాడు, మధ్యమధ్యలో మజ్జిగ అందిస్తూ ఉండాల్సి వచ్చేది.

మొదటి టెస్ట్ షాట్ చూపిస్తే పెద్దమ్మ దయ్యాన్ని చూసి భయపడలేదు, "అదేంట్రా, పైట కుడి భుజం మీదకి వేసింది?" అంది. అద్దంలో కుడి ఎడమలు మారతాయి కదా. అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. చచ్చి బతికిన తర్వాత ఆమె ఎప్పుడూ అలాగే కనపడాలి, పైట కుడివైపు, ముక్కుపుడక రెండో పక్క. గాజు లేని షాట్లలో కూడా చీర తిరగేసి కట్టించాం. చూసినవాళ్లలో కొందరికి ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపించింది, ఎందుకో చెప్పలేకపోయారు. అదే కావాలి మాకు.

నీడ సీన్ కూడా కొపోలా దగ్గర నేర్చుకున్నదే. ఆ సినిమాలో డ్రాకులా నీడ అతనితో సంబంధం లేకుండా తన పని తాను చేసుకుంటుంది, మనిషి మర్యాదగా మాట్లాడుతుంటే వెనక నీడ చేతులు చాస్తుంది. మొదట్లో వచ్చే యుద్ధం కూడా ఎర్రటి ఆకాశం ముందు నల్లటి బొమ్మల్లాగే ఉంటుంది, చూస్తే మన తోలుబొమ్మలాట గుర్తొస్తుంది. మేము గోడకి బదులు తెల్ల పంచె బిగించి, వెనక ఒక దీపం, దీపానికీ పంచెకీ మధ్య ఇంకో కుర్రాణ్ణి పెట్టాం. దీపానికి దగ్గరగా జరిగితే నీడ పెరుగుతుంది, పంచె దగ్గరికొస్తే మనిషంతే అవుతుంది. హీరో ఆమెకి ఆయుష్షు ఇచ్చేటప్పుడు అతను మోకాళ్ల మీద ఏడుస్తుంటాడు, నీడ మాత్రం నిలబడి ఆమె మీదకి వంగుతుంది. డైలాగ్ ఏమీ అక్కర్లేకపోయింది. నిజం చెప్పాలంటే ఆ సీన్‌కి నేను రాసిన డైలాగులు చాలా బావుంటాయి, తీసెయ్యడానికి మనసొప్పలేదు, కానీ తీసేశాను.

ఆమె లేచే షాట్ వెనక్కి తిప్పింది. అంటే మెలకువగా ఉన్న మనిషి మెల్లగా వెనక్కి వాలి కళ్లు మూసుకోవడం తీసి, దాన్ని తిరగేశాం. జుట్టు, చీర కుచ్చిళ్లు ముందు తామే లేచి తర్వాత మనిషి లేచినట్టు వస్తుంది. అగరొత్తి వెలిగించామంటే అయిపోయినట్టే, పొగ పైనుంచి కిందకి దిగి అగరొత్తిలోకి దూరుతుంది. దీపం పర్వాలేదు.

రక్తం గురించి పెద్దగా చెప్పడానికి లేదు, పాము కాటుకి రెండు చుక్కలే కావాలి, పంచదార పాకంలో రంగు కలిపితే చీమలు వచ్చి హీరోయిన్ పాదాన్ని పట్టుకున్నాయి. ట్యూబులైటు కింద సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, షటర్ సెకనులో 1/50 వంతు పెట్టుకుంటే గొడవ ఉండదు. విఠలాచార్య గారు ఇవేమీ లేని రోజుల్లో దయ్యాల చేత ఇంటిపనంతా చేయించారు, ఆయన సినిమాలని చిన్నప్పుడు వెక్కిరించిన మా బ్యాచ్ అంతా షూటింగ్ రాత్రుల్లో ఫోన్‌లో జగన్మోహిని ఆపి ఆపి చూస్తూ ఇది ఎలా చేశారబ్బా అని తలలు గోక్కున్నాం.

కాలం గడవడం ఎలా చూపించాలన్నది ఇంకో సమస్య. వాళ్లిద్దరి మొహాలూ మారవు. చీరలు మారతాయి. పెద్దమ్మ భోషాణంలో మా నాయనమ్మ నూలు చీరల నుంచి డెబ్బైల నాటి నైలాన్ చీరలు, తర్వాతి షిఫాన్లు దాకా అన్నీ ఉన్నాయి, మడతల దగ్గర కొన్ని చిరిగిపోయి కూడా. అవి కట్టుకుని అదే వసారాలో, అదే స్తంభం దగ్గర ఆ అమ్మాయి నిలబడుతుంది, అంతే. ఆమె చెల్లెలు మాత్రం ప్రతిసారీ పెద్దదవుతుంది. పక్కింటి పాప, తర్వాత ఒక కాలేజీ అమ్మాయి, చివరికి ముసలి చెల్లెలుగా పెద్దమ్మ. మేకప్‌తో ముసలితనం తెప్పించే కంటే ఇదే నయం అనుకుని పెద్దమ్మని బతిమాలాం. ఒప్పుకోవడానికి ఆవిడ పెట్టిన షరతు ఒకటే, తనకి సీన్ అయిపోయాక నిద్ర చెడగొట్టకూడదని.

ఆ సీన్‌లో డెబ్బై దాటిన మనిషి, మనవరాలి వయసున్న అమ్మాయిని చూసి "అక్కా" అని పిలవాలి. రిహార్సల్‌లో పిలిచినప్పుడల్లా పెద్దమ్మకి నవ్వొచ్చేసేది, ఆ అమ్మాయికీ నవ్వొచ్చేది, మేమంతా నవ్వేవాళ్లం. కెమెరా ఆన్ చేశాక కూడా నవ్వే వచ్చింది ముందు. తర్వాత ఏమనిపించిందో, స్క్రిప్టులో లేని మాట అనేసింది. "అక్కా, నువ్వు ముందు పోవాలి కదే, నేను నీకు చెయ్యాలి కదా." మా పెద్దమ్మ అక్క, అంటే మాకు దొడ్డమ్మ, చిన్నప్పుడే జ్వరంతో పోయింది. ఆ సంగతి నాకు తెలుసు కానీ పెద్దమ్మ దాని గురించి మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. ఆ అమ్మాయి ఏం జవాబివ్వాలో తెలియక, గాజు ముందు తన జాగాలోనే కదలకుండా నిలబడిపోయింది, కదిలితే బొమ్మ చెడుతుందని. హీరో ప్రేమని మొదటిసారి నేను అసహ్యించుకున్నది అక్కడే. అప్పటిదాకా పేపర్ మీద అది త్యాగం.

ఎడిటింగ్‌లో ఆ సీన్‌కి గాజు షాట్లన్నీ పక్కన పెట్టి, పెద్దమ్మ మొహం ఒక్కటే ఎక్కువసేపు ఉంచేశాను. బావకి కోపం వచ్చింది, దుప్పటి కింద ఉడికింది తనే కాబట్టి ఆ హక్కు ఉంది. తర్వాత సౌండు చేస్తున్నప్పుడు తనే వచ్చి, కీచురాళ్ల చప్పుడు కూడా తీసెయ్యమన్నాడు.

చివరికి ఏమవుతుందన్న దాని మీద షూటింగ్ చివరి రోజుదాకా తగువే. డ్రాకులా సినిమాలో మీనాయే అతనికి విముక్తి ఇస్తుంది, కథ మొదలైన ఆ గుడిలోనే. మా హీరో వేషం వేసినతనికి కూడా అలాంటి చావు కావాలి, ఆమె ఒళ్లో. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "వాడు చస్తే వాడి కథ అవుతుందండీ" అంది. ఆమె చెప్పిన ముగింపే తీశాం: చెల్లెలి కర్మకాండలు అయ్యాక భోషాణంలోంచి ఒక్క నూలు చీర తీసుకుని, పైట ఎడమ భుజం మీదకి సర్దుకుని, అతనికి చెప్పకుండా గుమ్మం దాటుతుంది. హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల ఆఫీసు హాల్లో వేసినప్పుడు ఒకాయన లేచి, ఇంతకీ ఆవిడ చస్తుందా, ఎప్పటికీ బతికే ఉంటుందా అని అడిగారు. నేను ఏదో చెప్పబోతుంటే ఆ అమ్మాయే మైకు లాక్కుని, "అది ఆవిడ ఇష్టమండీ" అని మళ్లీ మైకు నాకిచ్చేసింది.