గొంతు ఇన్ఫెక్షన్ తిరగబెట్టేవాళ్లు ముందు స్వాబ్ టెస్ట్ అడగండి

గొంతులో దూదిపుల్ల తిప్పి తీసి చేసే స్వాబ్ టెస్ట్ అనే మాట వినకముందే నేను ఎన్నో యాంటీబయాటిక్ కోర్సులు వాడేశాను. హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కూల్లో చిన్న క్లాసులకు చెప్తాను, గొంతు లేకపోతే నా పనే లేదు. ఇంటి దగ్గర క్లినిక్‌లో ప్రతిసారీ టార్చ్ వేసి చూసి మూడు రోజుల అజిత్రోమైసిన్ రాసేవారు. తగ్గేది, కొన్నాళ్లకే మళ్లీ జ్వరం, దవడ కింద బిళ్లలు, ఉమ్ము కూడా మింగలేనంత నొప్పి. ఒక్కసారైనా టెస్ట్ రాయలేదు, నాకు ఇప్పటికీ కోపం దానికే.

చివరికి ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ స్వాబ్ తీసి కల్చర్‌కి, అంటే బాక్టీరియా పెరుగుతుందేమో చూసే ల్యాబ్ పరీక్షకి పంపారు, రిపోర్టు ఒకట్రెండు రోజుల్లో వస్తుంది. గొంతునొప్పులు ఎక్కువగా వైరస్‌ల వల్లే వస్తాయట, వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. నాది మాత్రం గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా, 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ, నేను రోజంతా ఉండేది వాళ్లతోనే కదా. అమాక్సిసిలిన్ 10 రోజులు వాడాలి, మధ్యలో బాగున్నా ఆపొద్దన్నారు. సరిగా తగ్గించకపోతే కొందరికి రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయని చెప్పాక మా అమ్మ పూటపూటకీ ఫోన్ చేసి "వేసుకున్నావా అమ్మా" అని అడిగేది.

అయినా తిరగబెట్టింది. వచ్చిన ప్రతిసారీ తేదీ, జ్వరం రాసి పెట్టుకోమన్నారు. ఏడాదిలో 7 సార్లు, లేదా వరసగా రెండేళ్లు 5 సార్ల చొప్పున, మూడేళ్లయితే 3 సార్ల చొప్పున వస్తే టాన్సిల్స్ తీయడం గురించి ఆలోచిస్తారట. నా లెక్క దాటిపోయింది, ఎండాకాలం సెలవుల్లో ఆపరేషన్ చేయించుకున్నాను. ఖర్చు టెన్షన్ ఉన్నవాళ్లు కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో అడగండి.

పెద్దవాళ్లకి కోలుకోవడం కష్టమే, అది దాచను. చెవుల్లో పోటు వస్తుంది, నొప్పి గొంతుదే కానీ చెవికి తెలుస్తుంది. గొంతులో తెల్లటి పొర కడుతుంది, చీము పట్టిందేమో అని భయపడ్డాను, కాదు, పుండు మానేటప్పుడు అలాగే ఉంటుందట. అది ఊడే రోజుల్లో, అంటే ఆపరేషన్ తర్వాత సుమారు 5 నుంచి 10 రోజుల మధ్య, రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో కొత్త ఆవకాయ కలుపుతుంటే నేను చల్లటి పెరుగన్నం మెత్తగా పిసికి తిన్నాను, నొప్పున్నా గుక్కగుక్కగా నీళ్లు తాగుతూనే ఉన్నాను.

ఆ తర్వాత ఒకసారి గొంతు నొప్పెట్టింది. ముక్కు కారుతోంది, దగ్గు ఉంది, అలాంటిది చాలావరకు వైరస్సే అన్నారు డాక్టరమ్మ. ఉప్పునీళ్లు పుక్కిలించి, పారాసిటమాల్ వేసుకున్నాను, వారం తిరక్కుండానే తగ్గి క్లాసుకి వెళ్లాను.